జ్ఞానతల్లి ఆలోచిస్తానంది

శనివారం పొద్దున నేను చర్చి బేస్‌మెంట్‌లో ఉంటానంటే నా పాత స్నేహితులు నమ్మరు. ఈ సంగతి తెలిసి ఒకాయన విజయవాడ నుంచి ఫోన్ చేసి, "ఆరోగ్యం బాగానే ఉందా?" అని అడిగాడు. ఆయన అడిగింది ఒంటి గురించి కాదు. హేతువాద సభల్లో చేతికి మైకు దొరికితే దించని మనిషిని నేను. దేవుడు ఉన్నాడని నిరూపించమని స్వాములనీ పాస్టర్లనీ సమానంగా నిలదీసినదాన్ని. అలాంటిది రిటైరయ్యాక టొరంటోలో నార్త్ యార్క్ వైపు ఒక కతోలిక గుడి కింద మడతకుర్చీ వేసుకుని, దేవుడు ఎవరి పక్షం అన్న విషయం మీద వాదిస్తున్నానంటే ఆయనకి బెంగ కలగడంలో తప్పులేదు.

కారణం చిన్నదే. వాదించడానికి ఎదుట మనిషి ఉండాలి. కెనడాలో ఆ కరువు తీరలేదు. తెలుగు సంఘంలో కులం మాట ఎత్తితే, "ఆంటీ, పులిహోర తిన్నారా?" అంటారు. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ నేనేమన్నా "ఇంటరెస్టింగ్" అనేవారు. ఇక ఆపవమ్మా అని దాని అర్థమని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఏ మీటింగ్‌కి వెళ్ళినా మొదట ఈ నేల ఫలానా ఆదివాసులదని గంభీరంగా చదువుతారు, ఆ వెంటనే కారు పార్కింగ్ ఎక్కడో చెబుతారు. నేల వాళ్ళదైతే పార్కింగ్ ఫీజు ఎవరిదని ఒకసారి అడిగాను. ఇంటరెస్టింగ్ అన్నారు.

ఇలాంటి రోజుల్లో మా బిల్డింగ్ లిఫ్టులో టీచరమ్మ తగిలింది. కరీబియన్‌లో ఒక చిన్న దీవిలో పుట్టి, చిన్నప్పుడే తల్లితో టొరంటో వచ్చి, ఇక్కడే స్కూల్ ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైన నల్లజాతి స్త్రీ. వయసు డెబ్బై దాటింది. చేతిలో సూప్ గిన్నె. మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే తెలుగు అమ్మాయికి తెస్తోంది. ఆ అమ్మాయికి అప్పుడు ఏడో నెల. మొగుడు పక్కనున్న వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో షిఫ్టు సూపర్‌వైజర్, ఇంట్లో ఉండేది తక్కువ. ఇద్దరూ గుంటూరు వైపు కతోలికులు.

"నువ్వు కూడా మా గుడికి వస్తావా?" అంది టీచరమ్మ నాతో.

"లేదండీ, నేను దేవుడు లేడనుకునేదాన్ని."

"లేడని ఎలా తెలుసు?"

"ఉన్నాడని మీకెలా తెలుసు?"

లిఫ్టు మా అంతస్తు దాటి పైకి పోయింది, మళ్ళీ కిందికి దిగింది. ఇద్దరం దిగలేదు. సూప్ చల్లారిపోయింది. "శనివారం రా, కాఫీ ఉంటుంది," అని ఆవిడ అప్పుడు పిలిచింది.

ఆ శనివారాల గుంపు ఆవిడదే. దీవులవాళ్ళు, నైజీరియావాళ్ళు, ఒక ఫిలిప్పీన్స్ జంట, ఆ గుడి కట్టిన తరంలో మిగిలిన ఒక ఇటలీ ముసలాయన, అప్పుడప్పుడూ ఫాదర్. చదివేది నల్లజాతి విమోచన వేదాంతం. నాకు అర్థమైనంతలో దాని సారం ఇది: దేవుడు తటస్థుడు కాడు, అణగదొక్కబడినవాళ్ళ వైపు నిలబడ్డాడు, కాబట్టి ఆయన్ని వెతకాలంటే కొరడా పట్టినవాడి దగ్గర కాదు, దెబ్బ తిన్నవాడి దగ్గర వెతకాలి. దాంతోపాటు కతోలిక సామాజిక బోధన కూడా చదివేవారు. మనిషి గౌరవం ఎవరూ దయతో ఇచ్చేది కాదని, ఏ నిర్ణయమైనా ముందు పేదవాడి వైపు నుంచి చూడాలని అందులో బాగా రాశారు. అంత బాగా రాసినవాళ్ళు బానిసల్ని ఎందుకు ఉంచుకున్నారని మొదటి రోజే అడిగాను.

"అడుగు, గట్టిగా అడుగు," అంది టీచరమ్మ. "బానిసల్ని ఉంచుకున్న గుడిలోనే మా ముత్తవ్వకి ప్రార్థన నేర్పారు. ఆ ప్రార్థన తీసుకునే ఆవిడ పారిపోయింది. ఆ ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చిందో నువ్వు చెప్పు."

"ఆవిడ బుర్రలోంచి వచ్చింది. క్రెడిట్ వేరే ఎవరికో ఎందుకిస్తారు?"

ఇటలీ ముసలాయన బల్ల మీద చరిచాడు. ఎవరి పక్షాన చరిచాడో ఇప్పటికీ చెప్పలేను. నన్ను ఎవరూ ఇంటరెస్టింగ్ అనలేదు. మూర్ఖురాలు అన్నారు, నేను తిరిగి అన్నాను, కాఫీ తాగాం. అలా ఏడాది గడిచింది.

ఈలోగా ఎదురింటి అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఆ అమ్మాయి తల్లికి వీసా రాలేదు. బాలింతకి పథ్యం ఏం పెట్టాలో నేను యూట్యూబ్ చూసి నేర్చుకుంటుంటే, టీచరమ్మ వచ్చి పాపకి స్నానం చేయించి, తల్లిని మూడు గంటలు పడుకోబెట్టి, వెళుతూ వెళుతూ ఆ అమ్మాయి మొగుడికి డైపర్ మార్చడంలో పరీక్ష పెట్టి వెళ్ళింది. పాప జ్ఞానస్నానానికి, అంటే బాప్తిస్మానికి, జ్ఞానతల్లి ఎవరన్న ప్రశ్నే రాలేదు. కతోలికుల్లో ఆ స్థానం చిన్నది కాదు. బిడ్డ తరఫున గుడిలో మాట ఇచ్చి, ఆ మాటకి జీవితాంతం పూచీ ఉండే రెండో తల్లి. పాస్కా పండగ, అంటే ఈస్టర్, అయ్యాక వచ్చే ఆదివారం అనుకున్నారు. తెల్ల గౌను కొన్నారు. గుంటూరు వైపు రెండు కుటుంబాలకీ చెప్పారు.

రెండు కుటుంబాలు అన్న మాట కాస్త వివరించాలి. అతనిది ఊళ్ళో పొలాలున్న కులం. ఆమెది దళితవాడ. ఊళ్ళు వేరు, గుళ్ళు వేరు, పద్ధతి ఒకటే: ప్రభువు ఒక్కడే, కూర్చునే వరసలు రెండు. ఇక్కడ కాలేజీలో కలిశారు, ప్రేమించుకున్నారు, అతని ఇంట్లో ఏడాది మాటలు లేకుండా గడిచాక పెళ్ళి జరిగింది. నాకు కులం లేదని నేను ఒకసారి ఆ అమ్మాయితో గొప్పగా అన్నాను. "అలా అనగలగడం కూడా కులమే ఆంటీ," అని నవ్వి, చాయ్‌లో పంచదార సరిపోయిందా అని అడిగింది.

పాస్కాకి ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు వాళ్ళ గుడిలో కాళ్ళు కడిగే ఆచారం ఉంది. పన్నెండు మందిని ముందు కూర్చోబెట్టి, క్రీస్తు శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా ఫాదర్ వాళ్ళ కాళ్ళు కడుగుతాడు. ఈసారి ఫాదర్‌కి కొత్త ఆలోచన వచ్చింది. ముందటి శనివారం కిందికి దిగి వచ్చి సంబరంగా చెప్పాడు. "నేను మొదటివారి కాళ్ళు కడుగుతాను. వాళ్ళు పక్కవాళ్ళవి, వాళ్ళు ఆ పక్కవాళ్ళవి. అన్ని జాతులవాళ్ళూ ఒకరి ముందు ఒకరు వంగుదాం. సయోధ్య అంటే అదే కదా."

అందరూ చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కొట్టలేదు.

"ఫాదర్, మా అమ్మ ఈ ఊళ్ళో పరాయి ఇళ్ళ మెట్లు మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. ఈ ఊరి వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్ళ కాళ్ళు ఈరోజు కడుగుతున్నది ఎవరో వెళ్ళి చూడండి. ఒక నల్లావిడ వంగితే మీకు అందులో కొత్తగా కనిపించేది ఏమిటి?"

ఫాదర్ ముఖం ఎర్రబడింది. మంచివాడే, కానీ ఆలోచన తనకి నచ్చితే అందరికీ మంచిదని అనుకునే రకం. "మీకు ఇష్టం లేకపోతే..." అన్నాడు.

నేను ఆవిడ పక్షమే మాట్లాడాను. వంగడం అలవాటు లేనివాళ్ళు వంగితే అది పాఠం, తరాలుగా వంగినవాళ్ళని మళ్ళీ వంగమంటే అది రిహార్సల్ కూడా కాదు, పాత నాటకమే అన్నాను. ఆఖరికి చీటీలు వేశారు. టీచరమ్మ తర్వాతి కుర్చీ ఎదురింటి అబ్బాయికి వచ్చింది. ఆవిడ చీటీ చూసుకుంది.

"వాడికైతే వంగుతాను," అంది. "వాడు మా ఇంటివాడు."

గురువారం సాయంత్రం నేను పాపని ఎత్తుకునే హోదాలో వెళ్ళాను. బయట ఏప్రిల్ మంచు, లోపల తడి కోట్ల వాసన. ఎదర పన్నెండు కుర్చీలు. ఫాదర్ మొదలుపెట్టాడు, వరస బాగానే నడిచింది. ఇటలీ ముసలాయన టీచరమ్మ కాళ్ళు కడిగి తుడిచాడు. ఆవిడ లేచి, పళ్ళెం జరుపుకుని, మెల్లిగా ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు నేల మీద ఆనించింది. ఆ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. మా బిల్డింగ్ ముందు మూడు మెట్లు ఎక్కడానికి వాటితో బేరాలాడుతుంది. అబ్బాయి పాదం పట్టుకోబోయింది.

అతను చటుక్కున రెండు కాళ్ళూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. "నో, నో, ప్లీజ్," అంటూ లేచి నిలబడి, రెండు చేతులూ ఛాతీ దగ్గర ముడుచుకున్నాడు. ఆవిడ చెయ్యి గాలిలో ఉండిపోయింది. పియానో వాయించే అమ్మాయి ఆగిపోయింది. నా ముందు వరసలో కూర్చున్న ఒక నైజీరియా పెద్దమనిషి పక్కవాళ్ళతో ఏదో అన్నాడు, వినపడలేదు, అర్థమైంది. టీచరమ్మ తల ఎత్తి అతన్ని చూసింది. అతను ఎటో చూస్తున్నాడు. ఆవిడ ఒక చేత్తో కుర్చీ అంచు పట్టుకుని తనంతట తనే లేచింది. పళ్ళెం తర్వాతి కుర్చీ ముందుకి జరిపి, మళ్ళీ వంగి, ఆ ఫిలిప్పీన్స్ అతని కాళ్ళు కడిగింది. వరస ముందుకి సాగింది, ఒక్క కుర్చీ వదిలేసి.

మర్నాడు టీచరమ్మ అమ్మాయికి ఫోన్ చేసింది. పాపకి జలుబు తగ్గిందా అని అడిగింది. తర్వాత, "జ్ఞానస్నానం సంగతి నన్ను ఆలోచించుకోనివ్వు," అని పెట్టేసింది.

అరగంటలో ఇద్దరూ మా ఇంట్లో ఉన్నారు. పాప నా సోఫా మీద కాళ్ళాడిస్తోంది.

"ఆంటీ, మీరొకసారి ఆవిడతో మాట్లాడండి," అన్నాడు అబ్బాయి. "మన కల్చర్‌లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు పట్టుకోకూడదు, ఆయుక్షీణం అని చెప్పండి. గౌరవంతోనే తీశాను. మీరు చెప్తే నమ్ముతారు."

"ఆయుక్షీణం అని? నేను?"

అమ్మాయి ఏడుపు మధ్యలో నవ్వేసింది. వెంటనే మొగుడి మీదికి తిరిగింది. "ఆవిడ చెయ్యి తగిలితే నీకు తగ్గేది ఆయుష్షేనా? ఇంకేదన్నా తగ్గుతుందా?"

"ఎందుకలా మాట్లాడతావు? నేనలాంటి వాణ్ణయితే నిన్ను చేసుకునేవాణ్ణా?"

"ఆ మాట నెలకోసారి అంటావు, రసీదు చూపించినట్టు."

వాదన అన్నాక నాకు ఉత్సాహం ఆగదు. "ఉండండి," అన్నాను. "బాబూ, పోయినేడు నీ కాళ్ళు కడిగింది ఎవరు?"

"ఫాదర్."

"ఫాదర్ నీకన్నా చిన్నవాడా?"

"కాదు."

"మరి ఆయుష్షు?"

"ఫాదర్ వేరు ఆంటీ. ఆయన ప్రభువు స్థానంలో ఉంటారు."

"నిన్న ఆ స్థానంలో ఆవిడ ఉంది. అందుకే కదా ఆ ఏర్పాటంతా. అయినా మనవైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు కాళ్ళు మామగారు కడుగుతాడు. అక్కడ ఎవరు పెద్ద?"

"మా పెళ్ళిళ్ళలో అది ఉండదు ఆంటీ. మేం క్రిస్టియన్స్."

"ఆయుక్షీణం మాత్రం ఉంటుందా?"

అతను పాప సాక్సు సరిచేశాడు. అది సరిగానే ఉంది. "నిజంగా నాకే తెలీదు ఆంటీ, ఎందుకు తీశానో," అన్నాడు.

"అయితే తెలీదనే చెప్పు. దానికి నేనెందుకు?"

"మీరూ రండి ఆంటీ," అంది అమ్మాయి. "మీరు లేకపోతే వీడు గుమ్మంలోనే కల్చర్ మొదలుపెడతాడు. ఆవిడ రాకపోతే మాత్రం జ్ఞానస్నానం లేదు. ఇంకొకరిని నిలబెట్టి ఫోటోలు దిగే పని నేను చెయ్యను."

మేం శనివారం పొద్దున టీచరమ్మ ఇంటికి వెళ్ళాం. పండగ ముందు రోజు కాబట్టి బేస్‌మెంట్ గుంపు లేదు. టీచరమ్మ దాల్చినచెక్క వేసిన కోకో కాచి కప్పుల్లో పోసింది. పాపని ఒళ్ళోకి తీసుకుంది, అంటే పాపతో తగువు లేదన్నమాట. ఇక్కడి మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి.

"మా కల్చర్‌లో..." అని మొదలుపెట్టాడు అబ్బాయి. అమ్మాయి నా వైపు చూసింది.

టీచరమ్మ అరచెయ్యి ఎత్తింది. "నాయనా, ఏళ్ళ తరబడి స్కూలు నడిపాను. పిల్లాడు ఎవరినో కొట్టాడని పిలిపిస్తే ప్రతి తండ్రీ 'మా ఇంట్లో పద్ధతి' అనే మొదలుపెట్టేవాడు. అది దాటి రా."

"సారీ చెప్పడానికి వచ్చాను."

"అదీ తర్వాత. మనిద్దరం ఒకే గుడివాళ్ళం కదా. పాపసంకీర్తనానికి వెళ్ళి ఫాదర్ ముందు కూర్చుంటే ఏది ముందు? మన లోపలికి మనం చూసుకోవాలి. తర్వాత పైకి చెప్పాలి. తర్వాత ప్రాయశ్చిత్తం. క్షమాపణ ఆ దారిలో వస్తుంది. ఈ దేశంలో జాతుల సయోధ్య అనేవాళ్ళంతా మొదటి రెండూ ఎగ్గొట్టి సరాసరి కౌగిలింతలకి వస్తారు. నాకు తొందర లేదు. కోకో తాగు."

పాపపుణ్యాల మీద నాకు నమ్మకం లేదు గానీ, ముందు విచారణ, తర్వాత తీర్పు అనే వరసని ఎవరు చెప్పినా ఒప్పుకుంటాను. నోరు మూసుకుని కూర్చున్నాను. నన్నెరిగినవాళ్ళకి దాని విలువ తెలుసు.

అబ్బాయి కప్పు కింద పెట్టాడు.

"మా ఊరి గుళ్ళో పవిత్ర గురువారం పన్నెండు మందీ మావాళ్ళే ఉండేవారు," అన్నాడు. "ఎప్పుడూ మావాళ్ళే. మా తాత ప్రతి ఏడూ మొదటి కుర్చీలో. అదేమిటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇంటి దగ్గర మా తాత అరుగు మీద కూర్చుంటే పొలంలో పనిచేసే ముసలావిడ ఒకావిడ వచ్చి, వంగి, ఆయన కాళ్ళకి దండం పెట్టి అప్పుడు మాట్లాడేది. ఆయనకన్నా పెద్దది. మేం పక్కనే ఆడుకునేవాళ్ళం. మొన్న మీరు మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు..." ఆగాడు. "నాకు అసహ్యం వేయలేదు. ప్రమాణం చేసి చెప్తాను. గౌరవంతో కూడా తీయలేదు. ఒక్క క్షణం నాకు అది మామూలుగా అనిపించింది. నేను కుర్చీలో, మీరు కింద. ఇలాగే కదా ఉండేది అనిపించింది. నాకు భయమేసింది. కాళ్ళు లాగేసుకున్నాను."

ఆ అమ్మాయికి కూడా ఇది కొత్త. ఆమె గోడ వైపు చూస్తూ, "మా నాన్న మా ఊరి గుళ్ళో పాటలు నడిపిస్తాడు," అంది. "ఆ గురువారం పాటలన్నీ ఆయనవే. ఆ కుర్చీల్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. చిన్నప్పుడు నేనేమనుకునేదాన్నంటే, పాడేవాళ్ళ కాళ్ళు కడగరేమో అని."

టీచరమ్మ పాప వీపు నిమురుతూ ఉంది. "ఈ వారంలో నేను నమ్మిన మొదటి మాట నువ్వు చెప్పావు," అంది అబ్బాయితో. "నన్ను చూస్తే ఏవగింపని గుడంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పింది అంతకన్నా మంచిదేం కాదు, తెలుసా? నిజం, అంతే. నాకు కోపం ఎక్కడొచ్చిందో చెప్పనా? కాళ్ళు తీసినప్పుడు కాదు. లేవడానికి చెయ్యి ఇవ్వలేదు. నేను నీ ముందే లేస్తుంటే నువ్వు కిటికీ చూశావు."

అతను తల దించుకున్నాడు. ఈసారి సారీ అనలేదు. అది మంచి సూచన అనుకున్నాను.

"జ్ఞానతల్లిని అంటే ఈ పిల్ల తరఫున నేను మాట ఇవ్వాలి," అంది ఆవిడ. "ఇది ఎలాంటి ఇంట్లో పెరగబోతోందో తెలియకుండా ఎలా ఇస్తాను? చెడుని వదిలేస్తారా అని ఫాదర్ అడుగుతాడు. ఏ చెడు అని నేను అడగాలి కదా. అందుకే ఆలోచిస్తానన్నాను. అలిగి కాదు."

నేను ఉండబట్టలేక, "ఇన్నేళ్ళుగా అందరూ వదిలేస్తామని జవాబు చెబుతున్నారు, ఏమిటని ఒక్కరూ అడగలేదా?" అన్నాను.

"నువ్వు మధ్యలో రాకు," అంది. ఆ మాట ఆవిడ నాతో శనివారాల్లో కూడా అనేది, కాబట్టి వాతావరణం కాస్త తేలికపడింది.

అప్పుడు అమ్మాయి తెలుగులో అంది: "ఇక్కడ చెప్పింది మీ నాన్నకి చెప్పు."

"ఇప్పుడా?"

"అక్కడ ఇంకా రాత్రి భోజనాలు కూడా కాలేదు. ఇప్పుడే. ఈవిడ కాబట్టి చెప్పావు. పాప వెళ్ళి ఉండేది ఆ ఇంట్లో కూడా."

అతను నా వైపు చూశాడు. నేను కోకో చూశాను. ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టాడు. తండ్రి గొంతు హాయిగా వచ్చింది. "ఏరా, పాప లేచిందా? గౌను ఫోటో పంపలేదేం?"

"నాన్నా, మన గుళ్ళో గురువారం కుర్చీల్లో ఈసారి ఎవరు కూర్చున్నారు?"

"ఎవరేంట్రా, మామూలే. మీ బాబాయి, మన వాళ్ళే."

"పల్లె వాళ్ళు ఎవరూ కూర్చోలేదా?" దళితవాడని వాళ్ళ వైపు పల్లె అంటారు.

"పండగ పూట ఇదేం ప్రశ్నరా? ఇప్పుడు కుర్చీలు ప్లాస్టిక్‌వి. ఎవరైనా కూర్చోవచ్చు."

"కూర్చున్నారా?"

"ఎవరూ అడగలేదు."

అమ్మాయి కళ్ళు మూసుకుంది. అబ్బాయి తాత గురించి, ఆ ముసలావిడ గురించి, మొన్న తను కాళ్ళు లాక్కోవడం గురించి చెప్పాడు. తడబడుతూ, వెనక్కీ ముందుకీ వెళుతూ, కానీ చెప్పాడు. తండ్రి మధ్యలో ఒకసారి "ఊఁ" అన్నాడు. చివర్న, "అక్కడ చలికి నీ బుర్ర పాడైంది. మీ అమ్మ పిలుస్తోంది," అని ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నాడు?" అంది టీచరమ్మ. అమ్మాయి అనువాదం చేసింది. 'ఎవరూ అడగలేదు' అన్న చోట ఆవిడ నవ్వింది, సంతోషం లేని నవ్వు. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా స్కూళ్ళ బోర్డులో నల్లజాతి ప్రిన్సిపాల్ ఒక్కరూ లేరు. ఎందుకు లేరంటే పెద్దలు ఇదే చెప్పారు. ఎవరూ అడగలేదని. అడిగినవాళ్ళ ఉత్తరాలకి జవాబు రాలేదని తర్వాత తెలిసింది."

"మరి పై ఆదివారం వస్తారా?" అమ్మాయి సూటిగా అడిగింది.

"వస్తాను. ఫాదర్ ప్రశ్న అడిగినప్పుడు అక్కడే జవాబు చెప్తాను. ముందే చెప్పేస్తే అది ప్రశ్న ఎందుకవుతుంది?"

ఆ వారమంతా ఎదురింటి అబ్బాయి మెతుకు సరిగ్గా తినలేదని ఆ అమ్మాయి చెప్పింది. ఆమె మాత్రం శుభ్రంగా తింది. ఇక నీ పని అన్నట్టు ఉంది. ఆదివారం పొద్దున లిఫ్టులో అతను నాతో అన్నాడు: "ఆంటీ, మళ్ళీ ఫోన్ చేశాను నాన్నకి. సెలవులకి వచ్చినప్పుడు నేనూ పాపా గుళ్ళో పల్లె వాళ్ళ వరసలోనే కూర్చుంటాం, ఇంట్లో ఇబ్బందైతే మా అత్తగారింట్లోనే దిగుతాం అన్నాను."

"ఏమన్నారు?"

"ముందు రా, తర్వాత చూద్దాం అన్నారు."

అది ఒప్పుకోవడమా, కాదా? నేను తేల్చలేకపోయాను. అతనూ తేల్చినట్టు లేడు. కానీ ఆ ముక్క అమ్మాయి చర్చి మెట్ల మీద టీచరమ్మ చెవిలో వేయడం చూశాను. ఆవిడ తల ఊపింది. పసుపు రంగు టోపీ పెట్టుకుని వచ్చింది. మెట్లు ఎక్కుతుంటే అబ్బాయి చెయ్యి ఇచ్చాడు. పట్టుకుంది. పట్టుకుని మూడో మెట్టు మీద ఆగి, "చెయ్యి ఇచ్చావని జవాబు మారదు," అంది. "తెలుసు మిస్," అన్నాడు.

లోపల నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. నా పక్కన ఇటలీ ముసలాయన కూర్చుని, "నువ్విక్కడేం చేస్తున్నావు?" అని గుసగుసగా అడిగాడు. "సాక్షిని," అన్నాను. నీళ్ళ తొట్టి దగ్గర తల్లి, తండ్రి, టీచరమ్మ చేతుల్లో తెల్ల గౌనులో పాప. ఫాదర్ తల్లిదండ్రుల్ని అడిగాడు, వాళ్ళు చెప్పారు. తర్వాత జ్ఞానతల్లి వైపు తిరిగాడు. ఈ బిడ్డ తల్లిదండ్రులకి వాళ్ళ బాధ్యతలో తోడుండటానికి సిద్ధంగా ఉన్నావా అని.

మామూలుగా ఈ ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వస్తుంది. ఆవిడ మాట్లాడలేదు. పాపని చూసింది. అమ్మాయిని చూసింది. తర్వాత అబ్బాయిని చూసింది, తొందరపడకుండా. అతను ఈసారి కిటికీ వైపు చూడలేదు. ఫాదర్ పుస్తకంలో పేజీ తప్పిందేమోనని చూసుకున్నాడు. మధ్య వరసల్లో ఎవరో దగ్గారు. ఇటలీ ముసలాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"సిద్ధంగా ఉన్నాను," అంది టీచరమ్మ, ఫాదర్‌తో కాదు, అబ్బాయితో.

ఆ గుడిలో ఒక ప్రశ్నకి ముందు ఆలోచించి తర్వాత జవాబు చెప్పిన మనిషిని నేను చూడటం అదే మొదలు. ఫాదర్ హమ్మయ్య అనుకుని నీళ్ళు తీసుకున్నాడు. పాప గుక్కపట్టి ఏడ్చింది.